సలహాకు నలభై వేలా?

ఎంసెట్ ఫలితాలు వచ్చిన తర్వాతి జుమా. నమాజు ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. నెల్లిమర్ల రైల్వే స్టేషన్ దారిలో పంక్చర్లు వేసుకుని బతికే ఒక సోదరుడు వచ్చి మా చెయ్యి పట్టుకున్నాడు. "మాస్టర్ సాబ్, ఒక్క మాట మష్వరా కావాలి" అని పక్కకు తీసుకెళ్లాడు. కూతురికి ముప్పై ఎనిమిది వేల చిల్లర ర్యాంకు వచ్చింది. విశాఖపట్నంలో ఒక కన్సల్టెంట్ "మంచి కాలేజీలో సీటు గ్యారంటీ" అన్నాడట. ఫీజు 40,000. అందులో 10,000 ఆ సాయంత్రమే కట్టాలి. భార్య గొలుసు తాకట్టుకు తీసుకెళ్లబోతూ, ఎందుకో మనసొప్పక మా దగ్గర ఆగాడు.

"ఇవ్వమంటారా, వద్దంటారా?" అన్నదే ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. ప్రతి ఏటా ఈ రోజుల్లో మన ఇళ్లలో వినిపించేదే. కర్నూలు, గుంటూరు వంటి చోట్ల మన జనాభా ఎక్కువ. వీధికొకరైనా చదువుకున్న పెద్దలు, కాలేజీల సంగతి తెలిసిన బంధువులు దొరుకుతారు. మన ఉత్తరాంధ్రలో, అందులోనూ జూట్ మిల్లు సైరన్ మీద బతికిన నెల్లిమర్ల వంటి చిన్న ఊళ్లో, మన కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చాలా ఇళ్లలో ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కబోయే మొదటి బిడ్డ ఈ బిడ్డే. అడగడానికి ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తెలిసినట్టు మాట్లాడే మనిషి దగ్గరకు పరుగెత్తడం సహజం. కాబట్టి అలా డబ్బు ఇచ్చేవారిని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. ఇచ్చే సొమ్ముకు బదులుగా ఏం వస్తోందో లెక్క వేసి చూడాలన్నదే మా మనవి.

కన్సల్టెంటు చేతిలో ఏముంది?

మన రాష్ట్రంలో ఎంసెట్ 1986లో మొదలైంది. వైద్య ప్రవేశాలు నీట్‌కు వెళ్లిపోయాక 2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది. పేరు ఏదైనా సీటు ఇచ్చేది కంప్యూటర్. అది చూసేవి కొన్నే: విద్యార్థి ర్యాంకు, రిజర్వేషన్ వర్గం, స్థానికత, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది, విద్యార్థి ఇచ్చిన కాలేజీల వరుస. ర్యాంకు పరీక్షలోనే తేలిపోయింది. వర్గం, స్థానికత మన కాగితాలు చెబుతాయి. ఇక మిగిలింది ఒక్కటే, కాలేజీల వరుస. నలభై వేలు తీసుకునే మనిషి చెయ్యి పెట్టగలిగేది ఆ ఒక్కచోటే.

ఆ వరుస రాయడంలోనూ బ్రహ్మవిద్య లేదు. కంప్యూటర్ మన మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మన ర్యాంకుకు ఎక్కడ సీటు మిగిలి ఉంటే అక్కడ ఆగుతుంది. పైన పెద్ద కాలేజీ పేరు రాసినందువల్ల కింద ఉన్న కాలేజీ చేజారిపోదు. కనుక నిజంగా ఇష్టమైన దాన్ని ముందు రాయాలి, తర్వాత దానికన్నా కాస్త తక్కువ ఇష్టమైనదాన్ని రాయాలి, చివరికి తప్పకుండా వస్తుందనుకునే వాటిని కూడా చేర్చాలి. వీలైనన్ని ఎక్కువ ఆప్షన్లు ఇవ్వాలి. గడువులోగా ఫ్రీజ్ చేసి, ఆ కాగితం ప్రింటు తీసి దాచుకోవాలి.

ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో కిందటేడు చివరి సీటు ఎంత ర్యాంకుకు వెళ్లిందో, వర్గాల వారీగా, ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా ప్రభుత్వమే ప్రకటిస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. ధ్రువపత్రాల పరిశీలనకు హెల్ప్‌లైన్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ కూర్చున్న అధ్యాపకులను సందేహాలు అడగవచ్చు. కౌన్సెలింగ్‌కు ప్రభుత్వం తీసుకునే రుసుము బీసీలకు, ఓసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. నలభై వేలెక్కడ, పన్నెండు వందలెక్కడ!

ఆ సాయంత్రం ఆ తండ్రిని, అమ్మాయిని మా ఇంటికి పిలిచాము. కన్సల్టెంట్ "మా సొంత లెక్క" అని చూపించిన కాగితం ఫోటో అమ్మాయి ఫోనులో ఉంది. దాన్ని ప్రభుత్వం ప్రకటించిన జాబితా పక్కన పెట్టి చూశాము. అంకె కూడా మారలేదు. పైన రంగు రంగుల అక్షరాలతో ఆఫీసు పేరు మాత్రం అచ్చయి ఉంది.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుంది?

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి బయటపడింది. ఆయన "గ్యారంటీ" అన్న సీటు మేనేజ్‌మెంట్ కోటాలోది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం యాజమాన్యానివి. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చింది గానీ, ఒక నియమం మాత్రం మారలేదు. అది కన్వీనర్ కోటాలో చేరిన అర్హులకే. మేనేజ్‌మెంట్ సీటులో చేరితే నాలుగేళ్ల ఫీజు మొత్తం తండ్రి నెత్తినే పడుతుంది. అంటే ఈ సలహా ఖరీదు నలభై వేలు కాదు. నలభై వేలు దాని గుమ్మం మాత్రమే.

మరి ఆ మనిషి ఎందుకు అటు తోశాడు? జవాబు తేలికే. కన్వీనర్ సీటులో ఎవరు చేరినా ఏ దలాలీకి దమ్మిడీ రాదు. మేనేజ్‌మెంట్ సీటులో చేర్పిస్తే కొన్ని కాలేజీల నుంచి తలకింత అని ముడుతుంది. ఒక చేత్తో మన దగ్గర, మరో చేత్తో కాలేజీ దగ్గర తీసుకునేవాడు ఎవరి మేలు కోరి మాట్లాడతాడు? సలహా అడిగినప్పుడు మన బిడ్డ భవిష్యత్తును అవతలి మనిషి దగ్గర అమానత్‌గా పెడుతున్నాము. అమానత్ పెట్టుకున్నవాడు దాన్ని బేరానికి పెట్టడం ద్రోహం.

వైద్య విద్యలో ఈ మోసం మరీ ఎక్కువ. మా ఊళ్లోనే మహారాజా వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. కళ్ల ముందే కాలేజీలు ఉండేసరికి "లోపలివాళ్లు తెలుసు, సీటు ఇప్పిస్తాం" అనే మాటలు నమ్మాలనిపిస్తుంది. కానీ నీట్ వచ్చాక ప్రైవేటు కాలేజీలలోని యాజమాన్య కోటా సీట్లు కూడా నీట్ ర్యాంకు ప్రకారం, ఆరోగ్య విశ్వవిద్యాలయం జరిపే కౌన్సెలింగ్ ద్వారానే భర్తీ అవుతున్నాయి. లోపలివాళ్లు తెలిసినా ఇప్పించగలిగేది ఏమీ లేదు. ఇక క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. అది 1983 నాటిది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా క్యాపిటేషన్ ఫీజు చెల్లదని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే.

గ్యారంటీల గతి

"గ్యారంటీ" అన్న మాట ఎక్కడికి తీసుకెళుతుందో తెలుగునాట మనం చూశాము. 2016 జూలై 9న తెలంగాణలో వైద్య ప్రవేశాలకు ఎంసెట్-2 జరిగింది. ప్రశ్నపత్రం ముందే బయటికి వచ్చిందని, దలాలులు కొందరు విద్యార్థులను ఇతర నగరాలకు తీసుకెళ్లి ప్రశ్నలు బట్టీ పట్టించారని సీఐడీ దర్యాప్తులో తేలింది. లక్షలు చేతులు మారాయి. ప్రభుత్వం ఆ పరీక్షను రద్దు చేసి సెప్టెంబర్ 11న మళ్లీ పెట్టింది. లక్షలు ఇచ్చినవాళ్ల సంగతి సరే. నిజాయితీగా చదివి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు ఏం పాపం చేశారు? వాళ్లు కూడా మూడోసారి పరీక్ష హాలుకు వెళ్లవలసి వచ్చింది.

విదేశీ చదువుల విషయంలో 2019 జనవరి నాటి సంగతి మన తెలుగు తల్లిదండ్రులు మరచిపోలేనిది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో ఒక సంస్థ నడిచింది. అందులో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అక్రమ వీసాలను పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వ అధికారులే పన్నిన వల అది. విద్యార్థులను అందులో చేర్పించిన 8 మంది దలాలులను అరెస్టు చేశారు. సుమారు 600 మంది విద్యార్థుల విషయంలో వాళ్లు రెండున్నర లక్షల డాలర్లకు పైగా వెనకేసుకున్నారని అభియోగం. వందకు పైగా భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వారిలో మన తెలుగు పిల్లలు ఎందరో. అది నకిలీదని తమకు తెలియదని చాలామంది మొత్తుకున్నారు. దలాలీ కమీషన్ తీసుకున్నాడు. నిర్బంధం పాలైంది విద్యార్థి.

విదేశాలలో ఎంబీబీఎస్ అంటూ వచ్చే ప్రకటనలకూ ఇదే కొలబద్ద. 2021 నవంబర్ నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం అక్కడి చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో సాగాలి, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగి వచ్చాక ఇక్కడి పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షలో రాసినవారిలో మూడో వంతు కూడా నెగ్గని విడతలే ఎక్కువ. ప్రకటనలో విమానం బొమ్మ పెద్దగా ఉంటుంది, ఈ సంగతి మాత్రం ఎక్కడా ఉండదు.

డబ్బున్న దేశాలలో ఇలాంటివి ఉండవనుకోవద్దు. అమెరికాలో ప్రవేశాల సలహాదారుగా పేరుపడ్డ రిక్ సింగర్ అనే వ్యక్తి సంపన్నుల పిల్లలను లంచాలతో, పరీక్షలో మోసాలతో పెద్ద కాలేజీలలో చేర్పించిన వ్యవహారం 2019 మార్చిలో బయటపడింది. 2023లో ఆయనకు మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. అదే దేశంలో స్వతంత్ర విద్యా సలహాదారుల సంఘం ఒకటి ఉంది. విద్యార్థిని పంపినందుకు కాలేజీ నుంచి సొమ్ము తీసుకోకూడదన్నది దాని సభ్యులు పాటించవలసిన నియమం. డబ్బు తీసుకుని సలహా చెప్పడం తప్పు కాదు, రెండు వైపులా తీసుకోవడమే తప్పు అన్న తేడాను ఆ నియమం చక్కగా చూపుతుంది.

ఉచిత సలహా అంతా మంచిదేనా?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. కొన్నేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక అబ్బాయికి మేము పైసా తీసుకోకుండా సలహా చెప్పాము. "నీ ర్యాంకుకు ఈ ఆరు కాలేజీలు చాలు, అనవసరంగా దూరం కాలేజీలు రాయకు" అన్నాము. మొదటి విడతలో ఆ ఆరింటిలో ఒక్కటీ రాలేదు. చివరి విడత నాటికి మంచి సీట్లు అయిపోయాయి. ఇష్టం లేని బ్రాంచిలో, ఎక్కడో దూరాన చేరాడు. ఏడాది తిరక్కుండానే చదువు మానేశాడు. ఇప్పటికీ బజారులో ఎదురైతే ముందుగా అతనే సలాం చెబుతాడు. బదులు చెప్పేటప్పుడు మా తల కిందికి వాలుతుంది.

మేము మదర్సాలో చదివినవాళ్లం. పిల్లలకు చదువు చెప్పడం మాకు తెలుసు. కానీ వెబ్ ఆప్షన్ల పద్ధతి ఆనాడు మాకు తెలియదు. తెలియదని చెప్పడానికి పెద్దరికం అడ్డం వచ్చింది. ఆ అబ్బాయి ఆ రోజు ఒక నిజాయితీగల మనిషికి రెండు వేలు ఇచ్చి అడిగి ఉంటే బాగుపడేవాడు. కనుక ఉచితం కాబట్టి మంచిది, డబ్బు తీసుకుంటే చెడ్డది అనే సూత్రం మా దగ్గర లేదు. చెప్పేవాడికి విషయం తెలుసా, అతను ఎవరి పక్షాన ఉన్నాడు అన్నవే అసలు ప్రశ్నలు.

దరఖాస్తు నింపిపెట్టే నెట్ సెంటరు అబ్బాయికి అతని కష్టానికి తగ్గ కూలి ఇవ్వవచ్చు. రెండు గంటలు కూర్చుని, పిల్లవాడి అభిరుచి అడిగి, చివరి ర్యాంకులు చూపించి, వరుస రాయించే అధ్యాపకుడికి అతని సమయానికి తగిన రుసుము ఇవ్వడంలోనూ తప్పు లేదు. ఇంట్లో ఎవరికీ తెలియనప్పుడు అది వృథా ఖర్చు కాదు. అయితే ఇచ్చేముందు మూడు మాటలు అడగాలి. "కాలేజీల నుంచి మీకు ఏమైనా వస్తుందా?" "మీరు చెప్పేది ప్రభుత్వ జాబితాలో ఎక్కడుందో మా ముందే చూపిస్తారా?" "రసీదు ఇస్తారా?" ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పనివాడి దగ్గర కూర్చోవలసిన పని లేదు.

రెండు వస్తువులు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఒకటి, ఫోనుకు వచ్చే ఓటీపీ, పాస్‌వర్డు. అవి పరాయి చేతికి వెళితే మన పేరుతో ఎవరి ఆప్షన్లో ఫ్రీజ్ అయిపోతాయి. రెండోది, ఒరిజినల్ సర్టిఫికెట్లు. కాలేజీలు సైతం వాటిని పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2016లోనే ఆదేశించింది. కాలేజీకే లేని హక్కు దలాలీకి ఎక్కడిది?

కాగితాలే మన బలం

మన కుటుంబాలు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా కాగితాల దగ్గరే. 2007 చట్టం ద్వారా వచ్చిన బీసీ-ఇ రిజర్వేషన్ 4 శాతం. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులతో అది 14 వర్గాలకు కొనసాగుతోంది. షేక్‌లు అందులోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వారు రారు. దూదేకుల, నూర్‌బాషా సోదరులది బీసీ-బి. ఏ రిజర్వేషన్‌లోకీ రాని పేదలకు 2019 రాజ్యాంగ సవరణతో 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా వచ్చింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండడం దానికి ముఖ్యమైన షరతు. ఈ తేడాలు తెలియక, "ముస్లిం అని రాస్తే చాలు" అనుకుని ఓసీలో మిగిలిపోతున్న పిల్లలు ఉన్నారు.

ఆ పంక్చర్ సోదరుడి కూతురు విషయంలోనూ అదే జరిగింది. ఇంటిపేరు షేక్. దరఖాస్తులో మాత్రం ఓసీ అని ఉంది. నలభై వేలు అడిగిన మనిషి ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. మర్నాడే తండ్రీకూతుళ్లు సచివాలయానికి వెళ్లి కుల, ఆదాయ ధ్రువపత్రాలకు దరఖాస్తు పెట్టారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు వరుసగా పెట్టుకున్నారు. ధ్రువపత్రాల పరిశీలనలో ఆమె వర్గం సరి అయింది. ఆడపిల్లలకు ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు ఉంటాయన్న సంగతి కూడా ఆ ఇంటికి అప్పుడే తెలిసింది.

ఆప్షన్ల రోజున ఈసారి మేము పెద్దరికం చూపలేదు. కిందటేడు సీటు తెచ్చుకుని చదువుతున్న ఒక విద్యార్థినిని పిలిచి ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టాము. ఇద్దరూ కలిసి ఆరు కాదు, అరవైకి పైగా ఆప్షన్లు రాశారు. విజయనగరం దగ్గరే ఒక కాలేజీలో, కన్వీనర్ కోటాలో, ఎలక్ట్రానిక్స్‌లో సీటు వచ్చింది. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేంత దూరం. గడువులోగా కాలేజీకి వెళ్లి రిపోర్టు చేయకపోతే వచ్చిన సీటు రద్దవుతుందని ఆ విద్యార్థిని మరీ మరీ చెప్పి పంపింది.

ఇందులో మేము చేసింది చాలా తక్కువ. తెలిసినవాళ్లను తెలియనివాళ్ల పక్కన కూర్చోబెట్టాము, అంతే. ప్రతి ఊళ్లో ఫలితాలు వచ్చిన నాటి నుంచి సీట్లు ముగిసేదాకా ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను, కిందటేడు ఈ దారిలో నడిచిన ఇద్దరు పిల్లలు ఉంటే చాలు. మసీదు వరండా అయినా సరే, బడి అరుగు అయినా సరే. ఏ మతం పిల్లలు వచ్చినా చెప్పాలి. మన పిల్లలలో సీటు తెచ్చుకున్న ప్రతి ఒక్కరూ మరుసటి ఏడాది ఒక్క వారం ఇలా కూర్చుంటే, విశాఖపట్నంలో గ్యారంటీలు అమ్మే ఆఫీసుకు మన మొహల్లాల నుంచి బేరాలు ఉండవు.

ఆ గొలుసు తాకట్టుకు వెళ్లలేదు. మొన్న ఆ సోదరుడు దారిలో కనిపించి, "మాస్టర్ సాబ్, వచ్చే ఏడాది బల్ల వేస్తే మా అమ్మాయి కూర్చుంటానంటోంది" అన్నాడు. ఆ బల్ల వేయవలసిన బాధ్యత ఇప్పుడు మా మీద ఉంది. మీ ఊళ్లో అయితే మీ మీద.